నీళ్ళ బండ్లు

2024 సెప్టెంబరు 4

పనిలోకి వచ్చినవాళ్ళు సగం మంది. మిగతావాళ్ళు సింగ్‌నగర్‌లో, వాంబే కాలనీలో, పాయకాపురంలో మేడలెక్కి కూర్చున్నారు. ఆటోనగర్‌లో మా యార్డులో నిలిచింది వాన నీళ్ళు, మోటారు పెట్టి తోడేశాం. ఊరికి ఉత్తరాన నిలిచింది బుడమేరు. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేట్లో కలవాల్సిన వాగు గట్టు తెంచుకుని ఇళ్ళలోకి వచ్చింది.

గేటు పక్క గోడకి నల్లబల్ల ఒకటుంది. పొద్దున్నే దాని మీద ఆనాటి తుక్కు ధర, సెలవులో ఉన్నవాళ్ళ పేర్లు, కాటా పనిచేసేదీ లేనిదీ రాయడం లెక్కలు చూసే నా వంతు. ఇవాళ ధర జోలికి పోలేదు. పేర్లు రాశాను. కటింగ్ భాయ్: మేడ మీద, క్షేమం. కాటా బాబాయి: చెల్లెలి ఇంట్లో, క్షేమం. కౌంటర్ కుర్రాడు: ఫోను కలవలేదు. మధ్యాహ్నానికి ఆ మూడో పేరు పక్కన ఎవరో "పడవెక్కాడు, వస్తన్నాడు" అని సుద్దముక్కతో గీకారు.

ఇంతమంది ఈ బల్ల ముందు నిలబడి చదవడం నేను చూడలేదు. దాని నెత్తిన ఎర్ర రంగుతో "భద్రతే ప్రథమం" అని ఏనాటి నుంచో ఉంది. దాన్ని చదివినవాడు నాకు తెలిసి పెయింటరు ఒక్కడే, అదీ రాసేటప్పుడు.

సెప్టెంబరు 6

పని లేదు, కబుర్లే. మొన్న రెండో తారీకు ప్రకాశం బరాజు మీద 11 లక్షల 43 వేల క్యూసెక్కులు పోయాయట. అంత నీరు ఆ బరాజు ఎన్నడూ చూడలేదు. కొట్టుకొచ్చిన పడవలు గుద్ది గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు వచ్చారని టీవీలో చూసిన దగ్గర్నుంచి మా పెద్ద మేస్త్రీ నోట ఆయన మాటే. పోయిన నెల తుంగభద్ర డ్యాములో గేటు కొట్టుకుపోతే పారే నీళ్ళలో కొత్తది దింపించింది కూడా ఆయనే.

"ఆ వయసులో చూడమ్మా, వంతెన మీద నిలబడి పని చెప్తన్నాడు. నన్నేమో అరవై దాటంగానే ఇంటికి పొమ్మంటారు" అన్నాడు మేస్త్రీ. పొమ్మని ఎవరూ అనలేదు. ఆయనే మూడేళ్ళుగా "ఈ దసరాకి మానేస్తా" అంటున్నాడు.

సెప్టెంబరు 9

చవితి వెళ్ళింది. విగ్రహం పెట్టలేదు, ఆ చందా డబ్బుతో దుప్పట్లు కొన్నారు.

నీళ్ళు తీస్తున్న వీధులకి మనవాళ్ళు తిరిగి పోతున్నారు. బల్ల మీద నేనూ మేస్త్రీ కలిసి రాసినవి ఇవి. ఇంట్లో మెయిను వేసే ముందు ఎలక్ట్రీషియన్ని పిలవాలి. బురద ఎత్తేటప్పుడు కాలికి బూటు ఉండాలి, పుండు ఉంటే ఆ పని ఇంకొకరికి ఇవ్వాలి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు పుండులోంచి ఒంట్లోకి పోతే లెప్టోస్పైరోసిస్ వస్తుంది. జ్వరం, పిక్కలు పీకడం, కళ్ళు ఎర్రబడడం కనిపిస్తే మెడికల్ షాపు మాత్రతో సరిపెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి పోయి, బురదలో తిరిగామని ముందే చెప్పాలి. ఆ మాట చెప్పకపోతే డాక్టరు మామూలు జ్వరం అనుకునే ప్రమాదం ఉంది.

బండి సంగతి మేస్త్రీ చెప్పాడు, నేను ఆయన మాటల్లోనే రాశాను: "మునిగిన బండికి సెల్ఫు కొట్టబాకండి, కిక్కు కొట్టబాకండి. సిలిండర్లో గాలి ఉంటే నొక్కితే నలుగుద్ది. నీళ్ళు నలగవు. కనెక్టింగ్ రాడ్డు వంగుద్ది. ప్లగ్గు ఊడదీయండి, చేత్తో తిప్పండి, నీళ్ళు బయటికి ఉమ్మనివ్వండి. ఆయిలు పాలరంగులో ఉంటే మొత్తం పారబోసి కొత్తది పోయండి, కొంచెం తిప్పి అది కూడా పారబోయండి."

పక్క కొట్ల వాళ్ళు వచ్చి దీన్ని ఫోనుల్లో ఫొటో తీసుకుపోయారు. "ఉమ్మనివ్వండి" బదులు మర్యాదగా ఏదన్నా రాయాల్సిందని మా ఓనరు గారి అభిప్రాయం. మార్చలేదు.

సెప్టెంబరు 12

కౌంటర్ కుర్రాడు వచ్చాడు. చొక్కా ఎవరిదో, పొడుగు చేతులు. పెళ్ళి కోసం కొన్న బీరువా, మంచం పోయాయి. పెళ్ళి మాత్రం పోలేదని నవ్వాడు. కార్తీక మాసంలోనే.

సెప్టెంబరు 18

నిన్న విశ్వకర్మ పూజ. మన దగ్గర దానికంత పట్టింపు లేదుగానీ బీహార్ పిల్లలు నలుగురూ ఆ రోజు పానా ముట్టరు. గ్రైండరుకి బొట్టు పెట్టి బూందీ పంచారు.

వరద సాయం ప్రకటించారు: కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తులకి 10,000. రాసుకునేవాళ్ళు వచ్చేసరికి ఇంట్లో మనిషి ఉండాలి. పనికి వస్తే అది పోతుంది, ఇంట్లో కూర్చుంటే కూలి పోతుంది. ఓనరు గారితో మాట్లాడి బల్ల మీద రాశాను: "ఇల్లు రాయించుకోడానికి పోయిన పూటకి జీతం కోత లేదు. ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు ఆఫీసులో ఉచితం." జిరాక్సు మిషను సాయంత్రానికి వేడెక్కి ఆగిపోయింది. ఇళ్ళలో తడిసి ముద్దయిన కార్డులు కొన్ని ఆ గాజు మీద పెడితే ఏ అంకె ఏదో తెలియడం లేదు.

సెప్టెంబరు 24

నీళ్ళ బండ్లు మొదలయ్యాయి. ఇన్సూరెన్సు సర్వేయర్లు టోటల్ లాస్ అని రాసినవి. బాగు చేయించే ఖర్చు బండికి బీమా కట్టిన విలువలో (ఐడీవీ) 75 శాతం దాటితే ఇక బాగు చేయరు, డబ్బిచ్చి బండి వదిలించుకుంటారు. ఆ వదిలించుకున్నవి వేలంలో మాలాంటి కొట్లకి వస్తాయి. కార్లు, ఆటోలు, రెండు చిన్న ట్రక్కులు. బయటికి చూస్తే కొన్నిటికి సొట్ట కూడా లేదు. డోరు తీస్తే మాత్రం వాసన.

ముందు డోర్లూ బానెట్టూ తెరిచి ఒక పూట ఎండలో వదిలేయమని రాశాను. తొందరపడి సీటు కింద చెయ్యి పెట్టిన బీహార్ పిల్లాడికి తేలు కుట్టింది. రెండో బండి డిక్కీలో నీరుకట్టె పాము. విషం లేదని కాటా బాబాయి చెబుతున్నా వినేవాళ్ళు లేరు, అందరూ లారీ మీదున్నారు. కటింగ్ భాయ్ దాన్ని గొట్టంలోకి తోలి కాలవ దాకా మోసుకుపోయాడు. పిల్లాడు బాగానే ఉన్నాడు. వాడికి తెలుగు చదవడం రాదు. అందుకని బల్ల మీద తేలు బొమ్మ గీశాను. రొయ్యలాగా ఉందన్నారు. అయినా అందరికీ అర్థమైంది.

సెప్టెంబరు 28

ఇవాళ గొడవ. బాగానే జరిగింది.

మునిగిన బండి నుంచి తీసిన ప్రతి సామాను మీద తెల్ల పెయింటుతో "నీ" అని గుర్తు పెడదామన్నాను. కౌంటర్ కుర్రాడు ఎగిరి పడ్డాడు. "అక్కా, అట్టా రాస్తే కొనేదెవరు? గాజుకి రాస్తావా, బంపరుకి రాస్తావా?" ఓనరు గారు ఏమీ అనకుండా కాలిక్యులేటరు తీశారు. అది ఆయన కుర్రాడి వైపు ఉన్నారనడానికి గుర్తు.

పెద్ద మేస్త్రీ టీ గ్లాసు కింద పెట్టి వచ్చాడు. "డోరు నీళ్ళలో మునిగితే చచ్చిపోద్దా? దాని మీద రాయబాకమ్మా. కంప్యూటరు మీద రాయి. అసలు కంప్యూటరు అమ్మబాకండి." బానెట్టు మీద వేలితో మూడు గీతలు గీశాడు, దుమ్ములో.

మొదటి గీత: డోర్లు, బానెట్లు, గాజులు, బంపర్లు, రిమ్ములు, కమాను పట్టీలు. కడిగి అమ్మేయొచ్చు. వీటికి నీళ్ళు తెలియవు.

రెండో గీత: ఇంజను, గేర్‌బాక్సు, క్రౌను పినియను, సెల్ఫ్ మోటారు, డైనమో. విప్పకుండా అమ్మకూడదు. విప్పి, కడిగి, బేరింగులూ సీళ్ళూ మార్చి, కొన్నవాడికి మునిగిందని చెప్పి, బిల్లు మీద రాసి ఇవ్వాలి. ధర తగ్గుతుంది, తగ్గనీ.

మూడో గీత: ఈసీయూ (అదే, కంప్యూటరు), వైరింగు, ఎయిర్‌బ్యాగులు, సీటు బెల్టులు, ఏబీఎస్ సెన్సార్లు, వీల్ బేరింగులు. ఇవి ఎవరడిగినా లేవని చెప్పాలి. వైరింగు ఆరబెడితే బాగానే పనిచేస్తుంది, అదే చిక్కు. తొడుగు లోపల రాగికి పచ్చ చిలుము పట్టి నాలుగు నెలలకో ఆరు నెలలకో హైవే మీద లైటు ఆరుతుంది. మన దగ్గర కొన్న సంగతి అప్పటికి కొన్నవాడికే గుర్తుండదు. "గుర్తుండదు కాబట్టే అమ్మకూడదు" అన్నాడు మేస్త్రీ.

ఓనరు గారు ఆ మూడో గీత దగ్గరే చాలాసేపు ఆగారు. ఒక్కో ఈసీయూ ఎంతకి పోతుందో ఈ వీధిలో అందరికీ తెలుసు. చివరికి ఒప్పుకున్నారు, ధర్మం కోసమే అని నేననుకోను. వైరింగు తీసి రాగి లెక్కన కాటాకి వేసినా మంచి డబ్బే వస్తుందని నేను లెక్క చూపించాను. ఏ దారిన ఒప్పుకున్నా ఒప్పుకోవడమే. కుర్రాడు అలిగి కౌంటర్‌కి పోయి, మొదటగా వచ్చిన కస్టమరుకి "ఇది నీళ్ళ గేర్‌బాక్సు సార్, విప్పి చూపిస్తా" అన్నాడు. వినిపించేలా, కావాలని గట్టిగా.

అక్టోబరు 1

బల్ల మీద:

కాటా బాబాయికి మనవరాలు. పాప మూడు కేజీల రెండొందలు. తూకం బాబాయే చెప్పాడు కాబట్టి నమ్మాలి.

ఎయిర్‌బ్యాగు ఉన్న కారు మీద చెయ్యి వేసే ముందు బ్యాటరీ నెగెటివు తీయాలి. తీశాక వెంటనే స్టీరింగు విప్పకూడదు, కాసేపు ఆగాలి. లోపల కెపాసిటరులో కరెంటు ఇంకా ఉంటుంది. బ్యాగు పేలడానికి సెకనులో ముప్పయ్యో వంతు చాలు. మన చెయ్యి అంత తొందరగా వెనక్కి రాదు. ఊడదీసింది మోసేటప్పుడు బ్యాగు వైపు ఒంటికి దూరంగా, కింద పెట్టేటప్పుడు బ్యాగు వైపు ఆకాశానికి. తిరగేసి పెడితే పేలినప్పుడు మొత్తం సామాను రాకెట్టులా లేస్తుంది.

మధ్యాహ్నం కుర్రాడు అడిగాడు: పేలని బ్యాగు బాగున్నట్టేగా, ఎందుకమ్మకూడదు? టకాటా కథ చెప్పాను. జపాన్ కంపెనీ. గాలి నింపే డబ్బాలో అమ్మోనియం నైట్రేటు వాడారు. ఏళ్ళ తరబడి వేడికీ తేమకీ అది పాడై, పేలినప్పుడు డబ్బా చీలి ఇనుప ముక్కలు మనుషుల మీదికి ఎగిరాయి. ప్రపంచమంతటా కోట్ల బ్యాగులు వెనక్కి పిలిపించారు. 2017లో కంపెనీ దివాలా తీసింది. గాలిలో తేమకే అట్లా అయితే, బుడమేట్లో నానిందాన్ని ఏమని అమ్ముతాం?

అక్టోబరు 3

దసరా మొదలు. ఇంద్రకీలాద్రి వైపు ఆటోలన్నీ పోయాయి, పొద్దున ఆఫీసుకి సగం దారి నడిచాను.

అక్టోబరు 5

మునిగిన ఆటోలు ఎనిమిది, అన్నీ సీఎన్‌జీవి. నిండు సిలిండర్లో గ్యాసు 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. లారీ టైర్లో గాలి ఎనిమిదో తొమ్మిదో బార్లు, దానికే రిమ్ము రింగు ఊడి ఎగిరితే మనిషి మిగలడు. అందుకని సిలిండరు ఉన్న ఆటో దగ్గరికి గ్యాస్ కటింగు రాకూడదు. ముందు వాల్వు మూయాలి. గ్యాసు తెలిసినవాణ్ని పిలిచి ఖాళీ చేయించి, సిలిండరు ఊడదీసి వేరే పెట్టాలి. మూడేళ్ళకోసారి జరగాల్సిన హైడ్రో టెస్టు తేదీ దాని మెడ మీద కొట్టి ఉంటుంది. ఎనిమిదిట్లో ఐదింటికి ఆ తేదీ ఎప్పుడో దాటింది. ఆ సిలిండర్ల మీద కూర్చుని ఈ ఊరంతా తిరిగాం.

ఆటోల వాళ్ళు ముగ్గురు తమ బండిని చివరిసారి చూడ్డానికి వచ్చారు. ఒకాయన వెనక రేకు మీద రాయించుకున్న కూతురి పేరు కోసి ఇమ్మన్నాడు. భాయ్ నీళ్ళు చల్లుకుంటూ, రంగు మాడకుండా కోశాడు. డబ్బు తీసుకోలేదు. రేకు ముక్క కదా, కాటాలో రాయక్కర్లేదన్నాను.

ఎలక్ట్రిక్ స్కూటర్లు మూడు వచ్చాయి. వాటిని షెడ్డులో పెట్టనివ్వలేదు. తడిసిన లిథియం బ్యాటరీ ఆ రోజు ఊరుకుని వారం తర్వాత అంటుకోగలదు. గోడకి దూరంగా, వేటికీ ఆనకుండా, ఎండ పడని రేకు కింద ఉంచాం. ఎండ లేని చోటు, పక్కన ఏమీ లేని చోటు రెండూ కలిపి ఆటోనగర్‌లో దొరకడం బ్యాటరీకంటే కష్టం.

అక్టోబరు 8

నా కాగితాల పని. టోటల్ లాస్ బండికి ఆర్‌సీ రద్దు కాకుండా దాన్ని కోయనివ్వను. బండి నాశనమైతే 14 రోజుల్లోగా, లేదా వీలైనంత త్వరగా ఆర్టీఓకి చెప్పాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ అంటుంది. చాలామంది చెప్పరు. ఆ బతికున్న ఆర్‌సీ, చాసీ నంబరు దొంగ చేతికి పోతే దొంగబండికి కొత్త పుట్టుక వస్తుంది. మీరట్‌లో సోతీగంజ్ మార్కెట్టు మూతపడింది ఇలాంటి వ్యాపారం వల్లే, 2021 డిసెంబరులో. అక్కడ నిజాయితీగా పానా తిప్పుకున్నవాళ్ళు కూడా ఉండే ఉంటారు, వాళ్ళ షట్టర్లూ దిగాయి.

చాసీ నంబరు ఉన్న ముక్కని కోసి ఆర్నెల్లు దాచాలని 2021 నిబంధనలు రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రాలకి చెప్పాయి. మనం ఆ కేంద్రం కాకపోయినా ఆ అలవాటు మంచిదని మొదలెట్టాను. నా బల్ల సొరుగులో ఇప్పుడు పెన్నులకి చోటు లేదు.

అక్టోబరు 11

ఆయుధ పూజ. గుమ్మడికాయలు, నిమ్మకాయలు, గేటుకి మామిడాకులు. చైను కప్పీ, జాకీలు, పానాలు, సమ్మెటలు అన్నీ కడిగి వరసగా పేర్చారు. పనివాళ్ళ పిల్లలంతా వచ్చారు. పెద్ద మేస్త్రీ మనవడు డ్రిల్లింగ్ మిషన్‌కి మూడు నామాలు పెట్టాడు.

ఏటా ఈ రోజు కటింగ్ భాయ్‌కి కాపలా డ్యూటీ. ఆక్సిజను సిలిండరు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, దీపం పట్టుకుని ఎవరొచ్చినా లేచి అడ్డం నిలబడతాడు. నల్ల సిలిండరు ఆక్సిజను, మెరూన్ సిలిండరు ఎసిటిలీను. ఆక్సిజను వాల్వుకి నూనె చుక్క గానీ గ్రీజు గానీ తగిలితే, వాల్వు తిప్పినప్పుడు దానంతటదే అంటుకుంటుంది. నిప్పు అక్కర్లేదు. "బొట్టు బాడీకి పెట్టండమ్మా, ఎంతైనా పెట్టండి. తలకాయకి వద్దు" అన్నాడు. ఆడవాళ్ళు సిలిండరు నడుముకి పసుపు రాసి దణ్ణం పెట్టుకున్నారు. ఎసిటిలీనుకి కూడా, నిలబెట్టే ఉంచి. అది పడుకోబెట్టి వాడేది కాదు, లోపలి అసిటోను గొట్టంలోకి వస్తుంది.

నిన్నటి నుంచి అందరి చేతులకీ గ్రీజే కాబట్టి సిలిండరు తిప్పే ముందు సబ్బు అని రాశాను. సబ్బు కూడా కొనిపెట్టాలి కదా అని ఎవరో కింద రాశారు. న్యాయమే. కొన్నాను.

అక్టోబరు 16

పాత టిప్పరు ఒకటి. వెనక చక్రాల దగ్గరుండే స్ప్రింగు బ్రేకు బూస్టరుని కొత్త కుర్రాడు గ్యాసుతో కోయబోతుంటే పెద్ద మేస్త్రీ అరిచిన అరుపుకి వీధి చివర టీ కొట్టు పిన్ని కూడా వచ్చేసింది. డబ్బాలో స్ప్రింగు నొక్కి పెట్టి ఉంటుంది. గాలి పోయినా బ్రేకు పడేది దానివల్లే. లారీని ఆపగలిగిన స్ప్రింగు అది. క్లాంపు విప్పినా, డబ్బా కోసినా ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది. ముందు కేజింగ్ బోల్టు వేసి స్ప్రింగుని బంధించాలి. బోల్టు పట్టనంత తుప్పు ఉంటే దాన్ని కదపకుండా పక్కన పెట్టాలి.

ఇవన్నీ మేస్త్రీకి తెలుసు. ఆయన తర్వాత? ఈ బూస్టరు మీద అచ్చుపోసి హెచ్చరిక ఉంటుంది, ఇంగ్లీషులో, తుప్పు కింద. ఈయన బుర్రలో ఉన్నది తెలుగులో ఎక్కడా అచ్చుపడలేదు. భోజనాల వేళ పక్కన కూర్చుని రాసుకోవడం మొదలెట్టాను. "ఖాళీ పెట్రోలు ట్యాంకు నిండు ట్యాంకుకంటే చెడ్డది" దగ్గర ఆగి, ఎందుకో చెప్పమన్నాను. పెట్రోలు మండదమ్మా, దాని ఆవిరి మండుద్ది, ఖాళీ ట్యాంకు నిండా ఆవిరే అన్నాడు. కోయాలంటే నీళ్ళతో నింపి కోయాలి. అక్కడిదాకా చెప్పి, పెరుగన్నం చల్లారిపోతుందని లేచాడు. పెరుగన్నం చల్లారడమేమిటో.

అక్టోబరు 22

కటింగ్ భాయ్‌కి జీతం 20,500. ఈ దసరాకి 22,000 చేస్తానన్నారు ఓనరు గారు. భాయ్ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి "పెంచొద్దని చెప్పు బేటీ" అన్నాడు. ఇరవయ్యొక్క వేలు దాటితే ఈఎస్ఐ పోతుందని ఎవరో చెప్పారట. ఆయన భార్యకి గుణదల ఈఎస్ఐ ఆసుపత్రిలో వైద్యం నడుస్తోంది.

చెప్పింది సగమే నిజం. అక్టోబరు నుంచి మార్చి దాకా ఒక చందా కాలం. ఆ కాలం మొదలయ్యాక జీతం పెరిగితే ఆ కాలం చివరిదాకా ఈఎస్ఐ కొనసాగుతుంది, పెరిగిన జీతం మీదే చందా కడతాం: ఆయన వాటా 0.75 శాతం, మనది 3.25. ఓనరు గారు పెంపుని సెప్టెంబరు నుంచే లెక్కేద్దామనుకున్నారు. అట్లా చేస్తే, అంతకు ముందు కాలం సెప్టెంబరుతోనే ముగిసింది కాబట్టి, భాయ్ అక్టోబరుకే బయటపడేవాడు. అక్టోబరు గడవనిచ్చి నవంబరు జీతం నుంచి వేయించాను. మార్చి తర్వాత ఏం చేయాలో ఇప్పట్నుంచే చూడాలి. ఆరోగ్య బీమా ప్రీమియం ఓనరు గారు కడతారా అని అడిగితే కాలిక్యులేటరు తీశారు. ఇంకా పెట్టలేదు.

ఈ సంగతి బల్ల మీద రాయలేదు. జీతాలు గోడకెక్కించే విషయాలు కావు. కానీ భాయ్ స్వయంగా అందరికీ చెప్పుకుని తిరిగాడు, సాయంత్రానికి ముగ్గురు పే స్లిప్పులు పట్టుకుని వచ్చారు.

అక్టోబరు 25

గుడివాడ వైపు నుంచి ఒక కమ్మరి వచ్చి కమాను పట్టీలు కేజీల లెక్కన ఏరుకుపోయాడు. కొడవళ్ళకి. మిషన్లు కోస్తుంటే ఇంకా కొడవళ్ళెవరు కొంటారని అడిగాను. పడిపోయిన చేలో మిషను దిగదమ్మా అన్నాడు.

అక్టోబరు 29

ఎల్లుండి దీపావళి. బోనసు లెక్క వేసి ఇచ్చాను, చట్టం చెప్పిన కనిష్ఠం 8.33 శాతం. వరదకి ముందు తీసుకున్న అడ్వాన్సులు ఇందులోంచి పట్టుకుందామని ఓనరు గారు అన్నారు. వద్దన్నాను. సంక్రాంతి దాకా ఆగుతామన్నారు. అడ్వాన్సుల జాబితా తీస్తే ఒకాయన పిల్లల స్కూలు పుస్తకాలకని తీసుకున్నాడు, ఇంకొకాయన పరుపుకి, ఇంకొకాయన మళ్ళీ పుస్తకాలకే. జూన్‌లో కొన్న పుస్తకాలు సెప్టెంబరులో రెండోసారి కొన్నవాళ్ళు.

బల్ల మీద: టపాకాయలు యార్డు దరిదాపుల్లో వద్దు. మూసే ముందు సిలిండర్ల వాల్వులు, గొట్టాలు చూడాలి. డ్రెయిను చేసిన ఆయిలు డ్రమ్ములకి మూతలు బిగించాలి. కాలవలోకి ఒంపితే ఊరుకోను, ఆయిలు కొనేవాళ్ళు అనుమతి ఉన్నవాళ్ళే వచ్చి తీసుకుపోతారు. కూలెంటు బకెట్లు బయట పెట్టొద్దు, తియ్యగా ఉంటుందని కుక్కలు తాగి చస్తాయి.

కింద: కౌంటర్ కుర్రాడి పెళ్ళి నవంబరు 17. అందరూ రావాలి. బీరువా మాత్రం ఎవరూ ఇవ్వొద్దు, వాళ్ళ మామగారు ఇస్తున్నారు.

నవంబరు 5

మూడో గీత సామాను కోసం గుంటూరు నుంచి ఒకాయన వచ్చాడు. ఈసీయూలన్నీ కలిపి లాటుగా అడిగాడు, మంచి రేటు చెప్పాడు. ఓనరు గారు ఊళ్ళో లేరు. కుర్రాడు ఫోను చేసి అడిగాడు, అవతలి మాట నాకు వినపడలేదు. చాలాసేపు మాట్లాడారు. గుంటూరాయన ఖాళీ చేతుల్తోనే వెళ్ళాడు, కుర్రాడి మొహం అదోలా ఉంది. పెళ్ళి ముందు కమిషను పోయిందని ఉండొచ్చు. అడగలేదు. మళ్ళీ వస్తాడు ఆ గుంటూరాయన, రేటు పెంచుకుని. అప్పుడు ఈ గోడ మీద రాసిన రాతలు ఎంత ఆపుతాయో నాకు నమ్మకం లేదు. ఈసీయూలన్నీ రేపే ఈ-వ్యర్థాల వాళ్ళకి ఎత్తించేస్తే మంచిదని ఓనరు గారికి మెసేజీ పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి.

నవంబరు 7

ఒప్పుకున్నారు. వ్యాను ఎల్లుండి వస్తుంది.

ఇవాళ టీటీ సూదుల లెక్క. తుక్కు పనిలో రోజూ గీసుకుపోతూనే ఉంటుంది, ఈ బురద బండ్లతో మరీ ఎక్కువ. గేటు దగ్గరికి నర్సు వచ్చి వేస్తానన్నా ఐదుగురు తప్పించుకున్నారు. అందులో కటింగ్ భాయ్ ఒకడు, నిప్పుల్లో నిలబడే మనిషి. సూదికి భయం లేదంటాడు, టైము లేదంటాడు. తప్పించుకున్నవాళ్ళ పేర్లు బల్ల మీద ఎర్ర సుద్దతో రాయమన్నారు ఓనరు గారు. రాయను. ఐదుగురి ఇళ్ళ నంబర్లూ నా దగ్గరున్నాయి. వాళ్ళ ఆడవాళ్ళకి ఫోను చేసి చెప్పాను. భాయ్ వాళ్ళావిడ ఫోనులోనే ఆయన్ని పిలవమంది. ఆయన రెండు చేతుల్తో ఫోను పట్టుకుని "అచ్ఛా, అచ్ఛా" అంటూ నర్సు కూర్చున్న బెంచీ వైపు నడిచాడు. మిగతా నలుగురూ ఫోను తమకి వచ్చేలోపే లైన్లో నిలబడ్డారు.